మాట ఎత్తుకోవడం నేర్పిన సారు

మా సారు పోయారని తెలిసినప్పుడు నేను గడివేముల దగ్గర ఒక శనగ చేలో ఉన్నాను. ఫోన్ చేసింది ఆయన కూతురు. "అక్కా, నాయన పోయినాడు. పొద్దున కాఫీ రెండు గుక్కలు తాగి గ్లాసు నా చేతికే ఇచ్చినాడు. మళ్ళా వచ్చి చూస్తే లేడు" అంది. చుట్టూ రైతులు నిలబడి ఉన్నారు. నా మొహం చూసి ఒకాయన "ఏమైందమ్మా?" అన్నాడు. మా సారు చనిపోయారని చెప్పాను. "ఏం చెప్పే సారు?" అని అడిగాడాయన. అప్పుడు నాకు జవాబు రాలేదు. ఇప్పుడు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ఆయన నాకు బడిలోనూ కాలేజీలోనూ చదువు చెప్పలేదు. నంద్యాలలో ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. ఆ తర్వాత తన ఇంటి మిద్దె మీది గదిలో ప్రతి ఆదివారం నలుగురిలో మాట్లాడడం నేర్పేవారు. ఇంటర్వ్యూలకు పోయే పిల్లలు, మీటింగుల్లో నోరు పెగలని గుమాస్తాలు, కొత్తగా వార్డు మెంబరైన ఒకామె, ఇట్లా ఎవరెవరో వచ్చేవాళ్ళు.

మాది ఆళ్ళగడ్డ. మా నాయన రాతి విగ్రహాలు చెక్కుతాడు. నేను వ్యవసాయంలో డిప్లొమా చేసి ఒక విత్తనాల కంపెనీలో ఫీల్డు ఉద్యోగంలో చేరాను. చేలో రైతుతో ఒంటరిగా అయితే ఎంతసేపైనా మాట్లాడేదాన్ని. మైకు చేతికిస్తే మాత్రం ఒక్క వాక్యం దాటేదాన్ని కాదు. మొదటి రైతు సదస్సులో ప్రొజెక్టరు పెట్టించుకుని, తెర వైపు తిరిగి, దాని మీదున్న అక్షరాలన్నీ పై నుంచి కింది దాకా చదివాను. చదవడం అయి ఇటు తిరిగేసరికి సగం కుర్చీలు ఖాళీ. జనమంతా షామియానా అవతల భోజనాల దగ్గర ఉన్నారు. "ఇంకోసారి ఇట్లయితే నిన్ను గోడౌన్‌కు మార్చాల్సి వస్తుందమ్మా" అన్నాడు మా మేనేజరు. నాకు చేలంటే ప్రాణం. ఆ గోడౌన్ తలుచుకునే సారు వాళ్ళ మిద్దె మెట్లెక్కాను.

మొదటి రోజు అందరి ముందు నిలబెట్టి "నీ గురించి చెప్పు" అన్నారు. పేరు చెప్పాను, ఊరు చెప్పాను, "మా నాయన రాయి చెక్కుతాడు" అని ఆగిపోయాను.

"ఏ రాయి?" అన్నారు సారు.

"నల్లరాయి సార్."

"బొమ్మకు కండ్లు ఎప్పుడు చెక్కుతాడు? ముందా, ఆఖర్నా?"

"ఆఖర్న సార్."

"ఎందుకట్ల?"

చెప్పాను. కండ్లు తెరిస్తేనే రాయి దేవుడయ్యేదని, అప్పుడు ఉలి జారితే చేసిన పనంతా పోతుందని చెప్పాను. నాయన కనురెప్పల మీద పేరుకునే దుమ్ము గురించి, ఆ దుమ్ము దులుపుకోకుండా అమ్మ ఆయన్ని గడప తొక్కనివ్వకపోవడం గురించి చెప్పాను. గదిలో ఎవరో నవ్వారు. అప్పుడు గమనించాను, నేను చాలాసేపటి నుంచి మాట్లాడుతున్నాను.

"నీకు మాట రాదని ఎవరమ్మా చెప్పింది?" అన్నారు సారు. "నీకు తెల్సిన సంగతి నువ్వు ఎప్పుడూ మాట్లాడలా. అంతే."

ఆయన కళ్ళు మూసుకుని వినేవారు. కొత్తవాళ్ళు నిద్రపోతున్నారనుకునేవాళ్ళు. మనం నమ్మని మాట ఏదైనా గొప్ప కోసం అంటే మాత్రం టక్కున కళ్ళు తెరిచేవారు. ఆ చూపుకు భయపడి నేను చాలా పెద్ద మాటలు మానుకున్నాను. "నాకు పెద్దగా మాట్లాడడం రాదు, క్షమించాలి" అని మొదలుపెట్టేవాళ్ళను అక్కడే ఆపేవారు. "ఆ సంగతి వాళ్ళే కనుక్కుంటారు లేప్పా. నువ్వెందుకు చాటింపు వేస్తాండావ్?" అనేవారు. ఉపన్యాసం మొత్తం కాగితం మీద రాసుకొస్తే ఒప్పుకునేవారు కాదు. "నీ మాట విన్న మనిషి ఇంటికి పోతాడు. ఏం చెప్పినారు ఆడ అని ఇంట్లో అడుగుతారు. వాడు ఒక్క ముక్కలో చెప్పగలగాల. ఆ ముక్క ఏందో ముందు నువ్వు తేల్చుకో." ఇది ఆయన ప్రతి ఒక్కరికీ చెప్పిన మాట. ఇంకొకటి, "ఆగడం తప్పు కాదు. నువ్వు ఆగినప్పుడే వాళ్ళకు ఆలోచించుకునేకి సందు దొరికేది."

నా రెండో సదస్సు గడివేములలో. సారు తానే వస్తానని నాతో పాటు బస్సెక్కారు. ఈసారి ప్రొజెక్టరు వద్దన్నాను. బస్సు దిగి నడిచే దారిలో ఒక చేలో ఎండిపోయిన శనగ మొక్కను వేరుతో పీకి తెచ్చుకున్నాను. మైకు తీసుకుని, మొక్క కాండాన్ని గోటితో నిలువునా చీల్చి, లోపలి గోధుమరంగు చార చూపించాను. "ఇట్లాంటి మొక్క ఎవరి చేలోనైనా కనపడిందా?" అని అడిగాను. వెనక నుంచి ఒకాయన లేచి "కనపడేదేంది తల్లీ, మా చేను సగం అదే!" అన్నాడు. తర్వాత నేను మాట్లాడాను అనడం కంటే వాళ్ళతో కలిసి ఆ తెగులు ఎట్లా వచ్చిందో వెతికాను అనాలి. మందు పట్టించి విత్తనశుద్ధి చెయ్యకుండా గింజ నేలలో వెయ్యొద్దు, ఇదీ నేను తేల్చుకుని పోయిన ముక్క. భోజనాలకు పిలిచినా కొందరు నా చుట్టే నిలబడ్డారు. గోడౌన్ భయం ఆ రోజుతో పోయింది.

తిరిగి వస్తూ బస్టాండులో టీ తాగుతున్నాం. సంతోషంలో ఉన్నాను కాబట్టి అడిగేశాను. "సార్, మీరెప్పుడైనా మైకు ముందు భయపడినారా?"

ఆయన గ్లాసు కింద పెట్టారు. "మా ఇంటామె పోయినప్పుడు కాలేజీలో సంతాప సభ పెట్టినారు. నన్ను మాట్లాడమన్నారు. ఇన్నేండ్లు రాజుల గురించీ యుద్ధాల గురించీ గంటలు గంటలు చెప్పినోణ్ణి. ఆమె గురించి ఒక్క మాట రాలేదమ్మా. దండం పెట్టి దిగొచ్చినా." ఆ గ్లాసును అటూ ఇటూ తిప్పుతూ మళ్ళీ అన్నారు. "ఉన్నన్నాళ్ళు కూడా ఆమెతో చెప్పింది తక్కువే. ఇంకొకరు అట్ల దిగిరాకూడదనే ఈ క్లాసు." ఆ టీ ఆయన తాగలేదు.

నిరుడు ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కాలూ పోయాయి, వాటితో పాటు మాట పోయింది. "ఆ" అనే శబ్దం ఒక్కటే మిగిలింది. మనం చెప్పేదంతా అర్థమవుతూనే ఉంది, అదే చూడలేకపోయాను. అయినా ఆదివారాలు పోయేదాన్ని. మంచం ఎదురుగా నిలబడి, వచ్చే సదస్సులో చెప్పబోయేది చెప్పేదాన్ని. ఆయన కళ్ళు మూసుకుని వినేవారు. నేను తొందరపడిన చోట ఎడమ చేతి వేలితో మంచం పట్టె మీద కొట్టేవారు.

ఒక ఆదివారం నేను ముగించాక ఆయనే ఏదో చెప్పబోయారు. పెదాలు వణికాయి, మెడ నరాలు తేలాయి. కూతురు వంగి "నీళ్ళా నాయనా? మాత్రా? కిటికీ మూయాల్నా?" అని ఒక్కొక్కటే అడిగింది. అన్నిటికీ అడ్డంగా తల ఊపారు. నేనూ నాకు తోచినవన్నీ అడిగాను. ఏదీ కాదు. చివరికి కళ్ళల్లో నీళ్ళు తిరిగి గోడ వైపుకు తిరిగిపోయారు. ఆయన ఏం చెప్పాలనుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. ఇక తెలిసే దారీ లేదు.

ఆ మిద్దె గదిలోనే సంతాప సభ పెట్టుకున్నాం. నా వంతు వచ్చినప్పుడు, చెప్పకుండా మిగిలిపోయిన ఆ మాట గురించే మాట్లాడాను. మధ్యలో ఆగాను. అట్లాగే నిలబడ్డాను. ఎవరూ దగ్గలేదు, కదల్లేదు. మళ్ళీ మొదలుపెట్టి పూర్తి చేశాను. వచ్చి కూర్చున్నాక ఆయన కూతురు నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

తర్వాతి ఆదివారం మేమిద్దరం ఆ గది సర్దుతున్నాం. కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పెడుతుంటే, యాభై దాటిన ఒకామె ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది.

"సారు ఉండాడా?" అని అడిగింది. "మాది కొత్తపల్లె. మా ఊర్లో బోర్లు అడుగంటినాయి. రేపు ఆఫీసరు ముందర ఆడోళ్ళందరి తరఫున నన్ను మాట్లాడమన్నారు. ఈడ నేర్పిస్తారని చెప్తే వచ్చినా."

సారు లేరని చెప్పాను. ఆమె గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. "అయ్యో తల్లీ... నేనాయన్ను చూడనేలేదే" అంది. అని, మెట్ల వైపుకు తిరిగింది.

సారు కూతురు రెండు కుర్చీలు విడదీసి వేసింది. "పోవద్దు పెద్దమ్మా. మేము వింటాం, చెప్పు" అంది.

ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కొంగు నడుముకు దోపుకుని, చేతి సంచిలోంచి ఒక సీసా తీసి కిటికీ గట్టు మీద పెట్టింది. సీసా నిండా ఎర్రటి మట్టినీళ్ళు. "ఇవి మేము నిన్న పట్టుకున్న నీళ్ళు" అని మొదలుపెట్టింది. ఆమె మాట్లాడుతూ ఉంది. కిటికీలోంచి పడుతున్న ఎండలో ఆ మట్టి మెల్లమెల్లగా సీసా అడుక్కి దిగుతూ ఉంది.