వెనకుండని నాయకుడు

మాది భీమిలి. సముద్రంలో ఒక్కొక్కరే తెడ్డేసుకునే కయాక్ పడవల బృందాన్ని నడిపించడం నేర్పుతాను. మా తీరంలో టూరిస్టులను తిప్పడానికి తనకూ తన అనుచరులకూ నేర్పమని కదిరి దగ్గర ఒక నాయకుడి కొడుకు పిలిస్తే, పడవలు లారీలో తీసుకెళ్ళి తొలి పాఠాలు అక్కడి రిజర్వాయర్‌లోనే మొదలుపెట్టాను.

"నడిపించేవాడు వెనకుండాలి. అందరూ కంటికి కనబడాలి," అన్నాను. ఆయన తన పడవ వెనక్కి తీసి ఆగాడు. అనుచరులూ తెడ్లు ఒళ్ళో పెట్టుకుని ఆగిపోయారు.

"పదండయ్యా," అన్నాను.

"అన్న కంటే ముందు మేమెట్ల పోతాము సార్?" అన్నాడొకడు. ఆ మాటకు అన్న మురిసిపోయాడు.

ఈలోపు గాలి అందరినీ ఒడ్డునున్న తుమ్మకంపలోకి నెట్టేసింది. ముళ్ళు గీరుకుంటున్నా, అన్న దిగేదాకా ఒక్కడూ దిగలేదు.

"సముద్రంలో కూడా ఇంతే గదా సార్?" అన్నాడు అన్న, చొక్కా దులుపుకుంటూ.

"అక్కడ గాలి నెట్టిన చోట ఒడ్డుండదు," అని చెప్పి, పాఠాలు అంతటితో చాలించి పడవలు తిరిగి లారీ ఎక్కించాను.