ఐదో ముంత

మా యమవోక లోయలో యోనెను మించిన మొండిమనిషి లేదు. పక్కన కూర్చుని పాతికేళ్ళు నాచు కడిగినదాన్ని, నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? చలికాలమంతా మోచేతుల దాకా మంచునీళ్ళలో పెట్టి సముద్రపు నాచు కడగడం మా ఆడవాళ్ళ పని. దాన్ని కొప్పెరలో ఉడికించి, చల్లారితే జెల్లీలా గడ్డకట్టే జిగురు తీయడం మగవాళ్ళ పని. పొయ్యి పక్కన ఆ వెచ్చటి చోట ముప్పై ఏళ్ళుగా కిహాచి పాతుకుపోయాడు. యోనె కన్ను ఆ చోటు మీద పడింది.

ఆ ఏడు ఎంత నాచు ఉడికించినా జిగురు సరిగా రావడం లేదని యజమానురాలు షినో గారు చిరాకుపడుతున్నారు. కిటుకంతా వెనిగర్‌లో ఉంది. తగ్గితే జిగురు నాచులోనే ఉండిపోతుంది. ఎక్కువైతే వచ్చిన జిగురుకు పట్టు ఉండదు. కిహాచి మాత్రం నాచునే తిట్టేవాడు.

యోనె ఇంట్లో చిన్న గిన్నె పెట్టింది. రోజుకో కొలత చొప్పున ఉడికించడం, గడ్డకట్టాక సన్నటి తీగల్లా వత్తి మొగుడి ముందు పెట్టడం, ఫలితం కేలెండరు వెనక రాసుకోవడం. మా వైపు ఆ జెల్లీని ఒక్క పుల్లతోనే తింటాం. తీగ తెగకుండా పుల్ల మీద లేచిందంటే ఉడుకు కుదిరినట్టే. ముప్పై ఏడు రోజులు తిన్నాక, ఆమె మొగుడు తైచి నా దగ్గరికొచ్చి మొత్తుకున్నాడు.

"వదినా, నువ్వయినా చెప్పు దానికి! పొద్దున లేస్తే దొడ్డి దగ్గరే కాపురమైపోయింది నాది!"

చివరికి కొప్పెరకు ఐదు ముంతల వెనిగర్ అని తేల్చింది. షినో గారు కిహాచితో ఐదు ముంతలు పోయించారు. తీగలు పుటుక్కుమన్నాయి. కిహాచి వారం రోజులు నవ్వాడు. ఆ వారమంతా యోనె నాచు కడుగుతూ అతని చేతులకేసే చూసింది. తర్వాత షినో గారి దగ్గరికెళ్ళి, ఒక్కరోజు కొప్పెర తనకిమ్మంది.

"తీగ తెగిందంటే మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు. నిలిస్తే కొప్పెర నీదే," అన్నారావిడ.

"ఇది నిలబెడితే రేపట్నుంచి నాచు నేనే కడుగుతా!" అన్నాడు కిహాచి.

ఆ రోజు యోనె వెనిగర్ పోసి, తలగుడ్డ కట్టుకునే వంకతో ఇవతలికొచ్చింది. కిహాచి ఈల వేసుకుంటూ కొప్పెర పక్కనుంచి పోతూ, ఒక ముంత వెనిగర్ ముంచి అందులో ఒంపేశాడు. కక్షతోనో, ముప్పై ఏళ్ళ అలవాటుతోనో, నేను ఒట్టేసి చెప్పలేను. అరవబోతుంటే యోనె నా చెయ్యి కమిలేలా గిల్లింది.

"నోర్మూసుకోవే," అంది నెమ్మదిగా.

మర్నాడు షినో గారు పుల్ల ముంచి ఎత్తారు. తీగ మూర పొడవున లేచింది, తెగలేదు.

"ఎన్ని ముంతలు పోశావే?"

"నాలుగేనమ్మా. ఐదోది ఈయన చేతి చలవ. మీరు ఎన్ని పొయ్యమంటే అన్ని పోసి, అటు పోతూ ఇంకోటి పోస్తాడు. నిరుడు నాచుకు ఆ అలవాటు సరిపోయిందేమో గానీ, ఈ ఏటి నాచుకు కాదు."

కిహాచి చెవులు ఎర్రబడ్డాయి. అన్నమాట ప్రకారం నా పక్కనే కూర్చుని నాచు కడగడం మొదలుపెట్టాడు. రెండో గంటకే అతని చేతులు కొంకర్లుపోయాయి, ఆ ముఖం చూడలేకపోయాను. జాలేసింది కూడా.

యోనె ఇప్పటికీ నాలుగే పోస్తుంది. పోసి కేకేస్తుంది.

"పెద్దాయనా, రావయ్యా! ఐదోది పొయ్యాలి!"

కిహాచి సణుక్కుంటూ వెళ్ళి, ముంత ఒంపి, పొయ్యి దగ్గర చేతులు చాలాసేపు కాచుకుంటాడు.

"నేను లేకపోతే ఏమయ్యేదో నీ కొప్పెర!" అంటాడు.