రోదసి గోడమీద పెద్ద కుక్క

మొన్న కారంపూడిలో నేను తొలి ఉద్యోగం చేసిన బడివాళ్ళు, పాత టీచరునని గుర్తుపెట్టుకుని, కొత్త సైన్సు గది ప్రారంభానికి రమ్మని కారు పంపితే, మోకాళ్ళ నొప్పుల్ని ఇంట్లో వదిలేసినట్టు హుషారుగా వెళ్ళాను. రిబ్బను కత్తిరించి లోపల అడుగుపెడితే గోడనిండా రోదసే. మన రాకెట్లు, చంద్రుడి మీద దిగిన మన బండి, గ్రహాలు, అన్నీ నిగనిగలాడుతున్నాయి. ఎక్కడో కంప్యూటరు మీద అచ్చువేయించి తెచ్చి అతికించారట. అందరూ చప్పట్లు కొడుతుంటే నేను మాత్రం ఆ గోడమీద ఒక కుక్క కోసం వెతుక్కుంటూ నిలబడ్డాను.

అరవైల మొదట్లో సంగతి ఇది. రష్యా కుర్రవాడొకడు భూమిని చుట్టి వచ్చాడని పేపర్లన్నీ హోరెత్తిన రోజులు. మన తరంవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, సొంత డాబా లేనివాళ్ళం కూడా సాయంత్రం కాగానే పక్కింటి డాబా ఎక్కి, ఏ చుక్క కాస్త కదిలినట్టనిపించినా అదిగో స్పుత్నిక్ అని కేకలు పెట్టేవాళ్ళం. నాకప్పుడు ఇరవై నిండాయి. నాన్న లేరు, క్రోసూరులో అమ్మ, కారంపూడిలో నేను, ఇద్దరమూ నా ఉద్యోగం మీదే బతుకుతున్నాం. అదేమో టెంపరరీ. తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టరుగారు సంతృప్తి పడితే పై ఏడాది ఉంటుంది, లేకపోతే పెట్టె సర్దుకోవడమే. అలాంటి తనిఖీ ముందు, బడి వరండా గోడమీద రోదసి చరిత్ర బొమ్మలు వేయించమని హెడ్మాస్టరుగారు నాకు పురమాయించారు.

బొమ్మలు వేయడానికి మా ఇంటిగలాయన ఒప్పుకున్నాడు. వరసకేమీ కాకపోయినా ఆయన్ని బాబాయి అనేదాన్ని. ఇళ్ళకు సున్నాలు వేయడం ఆయన పని. వీరుల తిరునాళ్ళు వస్తున్నాయంటే మాత్రం పల్నాటి యుద్ధంలో ఒరిగిపోయిన వీరుల బొమ్మలు గోడలమీద రాసేవాడు. ఇప్పటిలా డబ్బా రంగులు కావు, రాతిసున్నం, ఎర్రమట్టి జాజు, నీలిమందు, దీపం మసి, వాటిలో కాస్త తుమ్మజిగురు. పేపర్లో ఫొటోలు చూసి నేనే బొగ్గుతో గీతలు గీశాను. ఒక మూల స్పుత్నిక్, దాని పక్కన రోదసిలోకి పంపిన కుక్క, నడిమధ్య నిలువెత్తు రోదసి యాత్రికుడు. కథంతా విడమరిచి చెబితే బాబాయి ఓపిగ్గా విని, ఆ కుక్క తిరిగొచ్చిందా అని ఒక్క మాట అడిగాడు. రాలేదన్నాను. ఇంతలో అమ్మకు జ్వరమని కబురొచ్చి క్రోసూరు బస్సెక్కాను.

తనిఖీకి ముందురోజు మధ్యాహ్నం తిరిగొచ్చి చూద్దును కదా, గోడ గోడే మారిపోయింది. నా బొగ్గుగీతలు సున్నం కింద కలిసిపోయాయి. గోడ మధ్యలో, నేల నుంచి చూరుదాకా, కుక్క కూర్చుని ఉంది. నుదుట బొట్టు, పక్కన వెలుగుతున్న ప్రమిద. దాని పాదాల దగ్గర రష్యా యాత్రికుడు జానెడంత మనిషై చేతులు జోడించి నిలబడ్డాడు. స్పుత్నిక్ అయితే నిమ్మకాయంత ఉంది.

హెడ్మాస్టరుగారు నన్ను చూస్తూనే మండిపడి, తెల్లారేసరికి గోడ తెల్లగా ఉండాలన్నారు. అమ్మ మొహం కళ్ళముందు మెదులుతుంటే సున్నం బకెట్టు తెచ్చుకుని కుంచె ముంచాను. అప్పుడొచ్చాడు బాబాయి, బిత్తరపోయి.

"అదేందమ్మాయ్! ఆయనంటే తిరిగొచ్చి దండలేయించుకున్నాడు. ఇది రాలా. రానోళ్ళని చిన్నగా రాస్తే ఎట్టా?"

వీరుల బొమ్మల్లో ఆయన పద్ధతి అదే. ప్రాణమిచ్చినవాడు గోడంత, బతికి బట్టకట్టినవాడు జానెడంత. పట్నం సైన్సు చదువుకున్న నాకు, ఆ నోరులేని జీవి పోయిందన్న సంగతి అంతవరకూ ఒక పాఠం మాత్రమే. అప్పుడు ఏడుపొచ్చింది. భయపడ్డానా అంటే పడ్డాను. కానీ పుట్టుకతో వచ్చిన మొండితనం ఎక్కడికి పోతుంది? కుంచె బకెట్టులో పడేసి, రేపు జవాబు నేనే చెప్పుకుంటానని హెడ్మాస్టరుగారికి చెప్పేశాను.

మర్నాడు ఇన్‌స్పెక్టరుగారు గోడముందు చాలాసేపు నిలబడి, మనిషికన్నా కుక్క పెద్దదా అన్నారు. తిరిగి రానివాళ్ళను ఇక్కడ పెద్దగా రాస్తారండీ అన్నాను. ఆయన పెన్ను తీశారు. రిమార్కుల పుస్తకంలో, బొమ్మలో కొలతలు తప్పు, ఈ ఉపాధ్యాయినియే వచ్చే తనిఖీలోగా సరిచేయవలెను అని రాశారు. హెడ్మాస్టరుగారు తలపట్టుకున్నారు కానీ నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. వచ్చే తనిఖీలోగా నేనే సరిచేయాలంటే వచ్చే ఏడాదీ నేనిక్కడ ఉండాలి కదా!

అలా పై ఏడాది ఉన్నాను. సరిచేస్తున్నామండీ అని జవాబు రాశాను. ఆ పై ఏడాదీ అదే జవాబు. ఉద్యోగం పర్మనెంటయింది, గురజాలకు బదిలీ అయ్యేదాకా సరిచేస్తూనే ఉన్నాను. ఏటా తిరునాళ్ళ ముందు బాబాయి వచ్చి కుక్కకు కొత్తగా రంగులద్దేవాడు, అద్దిన ప్రతిసారీ అది అటూ ఇటూ ఇంకాస్త పెరిగేది.

ఇప్పుడా వరండా లేదు, బాబాయీ లేడు. మన బండి చంద్రుడి మీద దిగిందంటే నాకూ గర్వమే, కాదనను. గదిలో నా పక్కన నిలబడ్డ చిన్న టీచరు, గ్రహాలన్నీ సరైన కొలతలతోనే వేయించామండీ అని మురిపెంగా చూపించింది. ఇన్‌స్పెక్టరుగారు ఉంటే ఎంత సంతోషించేవారో, ఇన్నేళ్ళకు ఆ గోడ సరిచేయబడింది. మోకాళ్ళు గుర్తొచ్చేదాకా నిలబడి ఈ చివర నుంచి ఆ చివరదాకా వెతికాను. వెళ్ళి తిరిగి రానివాళ్ళు ఆ గోడమీద జానెడంతైనా లేరు.