ఎవరూ చనిపోని సినిమాలు

ఆ రోజుల్లో సినిమా చూడడానికి పట్టే సమయం కన్నా, దాన్ని చూడదగ్గట్టు మార్చుకోవడానికి పట్టే సమయమే ఎక్కువ. ఇప్పుడు ఉదయగిరి బస్సెక్కిన ప్రతివాడూ సీటు దొరకగానే ఫోను తీసి వేలితో నొక్కుతాడు, బొమ్మ వచ్చేస్తుంది. అప్పట్లో మా ఇంట్లో అరచేతిలో పట్టే చైనా ప్లేయరు ఒకటి ఉండేది. దానికి ఉన్నదున్నట్టు సినిమా ఇస్తే మింగుడుపడేది కాదు. ముందు కంప్యూటర్లో వేసి, దాని సైజుకు తగ్గించి, దానికి నచ్చిన రకంలోకి కన్వర్ట్ చేసి ఎక్కించాలి. ఒక సినిమా మారడానికి ఒక పూట పట్టేది. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికొచ్చేది. ఫ్యూజు పోతుందన్న భయంతో ఆ పూట ఇంట్లో ఎవరినీ మిక్సీ వేయనిచ్చేవాణ్ణి కాదు. "వీడి కన్వర్టింగు అయ్యేదాకా మనం పచ్చడి రోట్లో నూరుకోవాల" అని మా నాయన వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. (నూరేది కూడా నాయనే, అందుకే ఆ బాధ.)

ఆ ప్లేయరు నా కోసం కొన్నది కాదు, మా అత్త కోసం. అత్త అంటే నాయనకు అక్క. నా చిన్నప్పుడే అమ్మ పోతే, అప్పటికే భర్త పోయి ఒంటరిగా ఉన్న ఆమె మా ఇంటికొచ్చి నన్ను పెంచింది. ఆమెకు కిడ్నీలు దెబ్బతిన్నాయి. వారానికి రెండుసార్లు నెల్లూరు పోయి డయాలసిస్ చేయించుకోవాలి. ఒక్కసారి మానినా ప్రమాదమని డాక్టరు గట్టిగా చెప్పాడు. అత్తకేమో బస్సు ప్రయాణమంటే ఒళ్లుమంట. ఆత్మకూరు రాగానే "ఇంక చాల్లేరా, దిగి తిరుగు బస్సెక్కుదాం పా" అనేది. చేతిలో సినిమా పెడితే మాత్రం కథ ఏమవుతుందోనని కూర్చునేది. ఆమెకు తోడు పోయేది నేనే. డిగ్రీలో సబ్జెక్టులు మిగుల్చుకుని ఇంట్లో ఉన్న నాకన్నా ఖాళీగా ఉన్న మనిషి మా వీధిలో లేడు మరి.

నా మొదటి కన్వర్షన్లు ఎలా ఉండేవంటే, కొలతలు కుదరక సినిమాలో అందరూ సాగదీసినట్టు సన్నగా, పొడుగ్గా కనపడేవాళ్లు. "ఈ పిల్ల అన్నం తింటా ఉండాదా లేదా?" అని హీరోయిన్ను చూసి అత్త దిగులుపడేది. ఇంకో సినిమాలో బొమ్మ కన్నా శబ్దం ముందుండేది. చెంపదెబ్బ చప్పుడు ముందు వినపడి, కొట్టడం తర్వాత కనపడేది. "ముందు ఏడస్తాది, తర్వాత కొట్టించుకుంటాది. ఏంది అబ్బయా ఇది?" అంది. అదొక కొత్త టెక్నిక్ అని చెప్పాను. నమ్మినట్టు తలాడించింది.

అంతా బాగానే సాగుతున్న రోజుల్లో, చూడకుండా ఎక్కించిన ఒక సినిమాలో తల్లి పాత్ర ఆసుపత్రిలో చనిపోయింది. బస్సు సంగం దాటుతోంది. అత్త పెద్దగా ఏడ్చేసింది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉండడంతో తనెంత గట్టిగా ఏడుస్తోందో ఆమెకు తెలియలేదు. డ్రైవరు బస్సు ఆపేశాడు. కండక్టరు నీళ్లసీసాతో పరిగెత్తుకొచ్చి "ఎవురమ్మా పోయింది?" అన్నాడు. అత్త తెరకేసి చూపించింది. బస్సంతా నవ్వింది, నేను కిటికీలోకి ముఖం దూర్చాను. ఇంటికొచ్చాక మాత్రం ఆమె, "నేనింక నెల్లూరు రాను. యాడైనా అదే గదా జరిగేది, ఈ తిరుగుడెందుకు" అని గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పూట నాయన అన్నం ముట్టలేదు. నాకు చాలా భయమేసింది. మరుసటి ప్రయాణానికి ఆమెను బతిమాలి బయల్దేరదీసే ముందు నాయన నన్ను పక్కకు పిలిచి, "ఇంకమీద సినిమాలో ఒక్కడు కూడా చావకూడదు" అన్నాడు.

ఆ విధంగా నేను సెన్సారు పని మొదలుపెట్టాను. కన్వర్ట్ చేసే సాఫ్ట్‌వేర్‌లోనే ముక్కలు కత్తిరించే సౌకర్యం ఉండేది. మన సినిమాల్లో చావులు ఇన్ని ఉంటాయని అప్పుడే తెలిసింది. చావు తీస్తే సరిపోదు. దాని ముందు దగ్గు తీయాలి, డాక్టరు కళ్లజోడు తీసి తల అడ్డంగా ఊపడం తీయాలి, తర్వాత ఏడుపులన్నీ తీయాలి. విలన్ కూడా చావకూడదు కాబట్టి హీరో కత్తి ఎత్తగానే శుభం పడేది. "ఆ సచ్చినోడు చివరికి ఏమైనాడ్రా?" అని అత్త అడిగితే, జైల్లో ఉన్నాడనేవాణ్ణి. మధ్యలో మాయమైన ముసలివాళ్ల గురించి పక్కసీటు వాళ్లు అడిగితే అత్తే సర్దిచెప్పేది. ఒకాయన సోమశిలలో కూతురింటికి పోయాడని, ఇంకొకామె తిరుపతి కొండకు నడిచిపోతోందని. నేను పక్కన కూర్చుని నా తెలివికి నేనే మురిసిపోయేవాణ్ణి.

ఒకరోజు ఆత్మకూరు బస్టాండులో బస్సు ఆగి ఉండగా, అత్త ప్లేయరు నా ముఖం ముందు పెట్టింది. ఆ సినిమాలో చిన్న పిల్లవాడి తల్లి చావును పద్ధతిగా కోసేశాను. కానీ తర్వాతి సీనులో గోడమీద ఆమె ఫొటో, దానికి పూలదండ, పైన చిన్న ఎర్రబల్బు. అది నా కంట పడలేదు.

"ఈ యమ్మ ఫొటోకి దండేసినారేందిరా?"

"పుట్టినరోజు అత్తా."

అత్త నావైపు కాసేపు చూసింది. కోప్పడుతుందనుకున్నాను. నవ్వింది. "ఎంతమందిని దాచిపెట్టినావు అబ్బయా ఇన్ని రోజులూ?" అంది. నేను తల దించుకుని, నాయన చెప్పాడని గొణిగాను.

"మీ నాయనకు భయం. నీకూ భయమే. ఆ పొద్దు నాకూ భయమేసింది, కాదన్ను. అయినా ఆ యమ్మ ఎట్ట పోయిందో నాకొద్దు. పోయినాక ఆ పిల్లోడు ఎట్ట ఉన్నాడో చూడాల నేను. అది గూడా కోసేస్తే ఎట్టరా?"

బస్సు కదిలింది. పూర్తి సినిమా తెస్తానన్నాను.

తెచ్చాను. ఈసారి అందరూ తమ తమ లావుల్లోనే ఉన్నారు, దెబ్బా చప్పుడూ ఒకేసారి వచ్చాయి. ఎప్పుడూ లేనిది అత్త ఒక ఇయర్‌ఫోను తీసి నా చెవిలో పెట్టింది. తల్లి పోయే సీను రాగానే నేను బయటి వరిచేల మీద ఎక్కడలేని ఆసక్తి చూపించాను. ఆమె వైరు పట్టి లాగింది. "ఇట్ట చూడు." చూశాను. ఆమె కంట్లో తడి లేదు. తల్లి పోయాక పిల్లవాడు అన్నం ముట్టకుండా కూర్చుంటాడు. తర్వాత ఒకరోజు తండ్రి పెడితే తింటాడు, ఇంకొంచెం పప్పు వేయమంటాడు. అక్కడ అత్త ప్లేయరు ఆపింది.

"చూసినావా. మళ్లీ అడిగినాడు."

"ఊఁ."

"ఊఁ అంటే చాలదురా."

ఇంకేదైనా అంటుందేమోనని ఎదురుచూసి, అంటుందేమోనని భయపడి, కండక్టరుతో చిల్లర గురించి అనవసరమైన మాటొకటి మొదలుపెట్టాను. అత్త సినిమా మళ్లీ నడిపించింది.

ఆ వానాకాలంలో ఆమె పోయింది. నెల్లూరు పోవడం ఏనాడూ మానలేదు, అయినా పోయింది. ఆమె పెద్దకర్మ రోజు భోజనాల బంతిలో కూర్చున్నప్పుడు నాయన "కొంచెం పెట్టించుకోరా" అని రెండుసార్లు అన్నాడు. నేను విస్తరి ముందునుంచి లేచిపోయాను. ఆమె బస్సులో కూర్చోబెట్టి మరీ నేర్పిన పాఠం అది, అందులోనూ తప్పాను. ఇంకెన్ని చెప్పాలనుకుందో నాకు తెలియదు. అడిగి ఉంటే చెప్పేది. పక్కసీట్లోనే ఉంది.

ఇప్పుడు సంగం మీదుగా పోయేటప్పుడు కన్వర్టింగు రోజుల నాటి ఆ కుర్రవాడు అప్పుడప్పుడు గుర్తొస్తాడు. కంప్యూటరు ముందు నడుం వంచి, మౌసు పట్టుకుని, ఇంట్లో చావన్నదే లేకుండా చేసేస్తున్నానన్నంత శ్రద్ధగా కూర్చుని ఉంటాడు. వాణ్ణి తిట్టాలనిపించదు. పక్కన కూర్చుని, ఒరే, అది ఆపి వసారాలోకి పోరా, అత్త ఒక్కతే కూర్చోనుంది, ఏదో చెప్పాలనుకుంటోంది అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వింటాడని కాదు. నావైపు తిరిగి కూడా చూడడు.

"ఉండన్నా," అంటాడు. "ఇంకొక్క చావు మిగిలుండాది. అది కోసేసి వస్తా."