కిక్కిసలో కేక

అడవి మంటల వెనక ఉండే మనుషుల గురించి పరిశోధించే పీహెచ్‌డీ విద్యార్థులకు నేను తిరుపతిలో శిక్షణ ఇచ్చేదాన్ని. కొల్లేరు సరస్సులో అక్రమ చేపల చెరువుల గట్లను ప్రభుత్వం కొట్టేసిన మరుసటి వేసవిలో, రమ్య అనే విద్యార్థినితో కొల్లేటికోట వెళ్లాను. నీరు తగ్గితే అక్కడ మనిషెత్తు కిక్కిస గడ్డి ఎండి, ఏటా తగలబడుతుంది. జనాన్ని అడగాల్సిన ప్రశ్నలతో ఫారం నేనే తయారుచేశాను.

వల బాగుచేసుకుంటున్న మరియమ్మగారనే ఊరి పెద్దావిడ ముందు కూర్చుని రమ్య మొదటి ప్రశ్న చదివింది. "ఈ గడ్డికి నిప్పు ఎవరు పెడతారండీ?"

ఆవిడ చేతులు ఆగిపోయాయి. గట్లు పోయిన ఊళ్లో కాగితం పట్టుకొచ్చినవాళ్లను చూస్తే కేసులే గుర్తొస్తాయని నాకు ముందే తట్టాల్సింది. సిగ్గేసి, రమ్య చేతిలోంచి ఫారం తీసుకుని మడిచేశాను.

అది చూసి ఆవిడే మాట్లాడింది. "లేత గడ్డి మొలవాలని నిప్పు ఎవరైనా పెడతారండీ. ముందు నేను ఒడ్డున నిలబడి ఒక్కొక్కళ్లనీ పేరు పెట్టి కేకేస్తానండి. లోపల గడ్డి కోసేవాళ్లుంటారు, గేదెల కోసం వెళ్లినవాళ్లుంటారు. అందరూ పలికాకే అగ్గిపుల్ల గీసేది. ఒక్కరు పలక్కపోయినా ఆ రోజుకి మంట లేదండి."

తర్వాత నా చేతిలోని కాగితాల వైపు చూసింది. "లోపల ఎవరున్నారని మీ దాంట్లో అడగలేదాండీ?"

నేను రాసిన ఫారమే. అయినా విప్పి చివరి పేజీ దాకా వెతికాను.

"లేదమ్మా," అన్నాను.

"అయితే అదే మొదట రాసుకోండి," అంటూ ఆవిడ మళ్లీ వల అందుకుంది.