నలభై ఒకటో నంబరు ఇల్లు

1962లో వానలు వెనకపట్టిన రోజులవి. నల్లగొండ జిల్లా దేవరకొండ తాలూకాలో నేను మలేరియా నిర్మూలన పథకం కింద సర్వేలెన్స్ వర్కర్‌గా పనిచేస్తున్నాను. మాది ఆలేరు దగ్గర వ్యవసాయ కుటుంబం. మెట్రిక్ పాసైన వాణ్ణి, చేతిరాత బాగుంటుందని పేరున్న వాణ్ణి, ఆ రెండింటినీ ఎవరైనా మరిచిపోతారేమోనని ఎప్పుడూ బెంగపడే వాణ్ణి.

సర్వేలెన్స్ వర్కర్ అంటే ఇప్పటి వాళ్లకు చెప్పాలి. సైకిలు, భుజాన సంచి, అయిదారు ఊళ్లు. పదిహేను రోజులకోసారి ప్రతి గడపా తొక్కాలి. అడగాల్సినవి రెండే ప్రశ్నలు: ఇంట్లో ఇప్పుడు ఎవరికైనా జ్వరం ఉందా? పోయినసారి నేను వచ్చి వెళ్లాక ఎవరికైనా వచ్చిందా? ఉందంటే వేలు పొడిచి, స్లయిడ్ అనే గాజుపలక మీద నెత్తురు చుక్క రాసి, నాలుగు క్లోరోక్విన్ మాత్రలు మింగించి, రిజిస్టరులో ఇంటి నంబరు కింద ఆ మనిషి పేరు ఎక్కించాలి. లేదంటే "జ్వరం లేదు" అని రాసుకోవాలి. బయటి గోడ మీద స్టెన్సిల్ ఉంటుంది. స్టెన్సిల్ అంటే రంగుతో అచ్చు వేసిన గళ్లు. ఆ గడిలో తేదీ వేసి సంతకం పెడితే ఆ ఇంటి పని అయిపోయినట్టు. స్లయిడ్లు లాబ్‌కు వెళ్తాయి. మలేరియా క్రిమి కనపడితే ఆ స్లయిడ్ పాజిటివ్.

నా గోడలు చూసి తీరాల్సిందే. ఒక్క తేదీ తప్పేది కాదు. తేదీ కింద రెండు గీతలు గీయడం నాకు బడినాటి అలవాటు. వాన పడినా, ఒళ్లు నొప్పులున్నా నా గడి ఖాళీగా ఉండేది కాదు. కానీ నా స్లయిడ్లలో క్రిమి మాత్రం దొరికేది కాదు. పక్క సెక్షన్‌లో మల్లయ్యకు నెలనెలా దొరికేది.

మల్లయ్య, నేను ఒకే రోజు నౌకరీలో చేరాం. అతనిది గొర్రెల కాపరుల కుటుంబం, చదివింది ఏడో తరగతి. రాత కోడి గెలికినట్టుండేది. గోడల మీద సగం గళ్లు ఖాళీ. అయినా నెల మీటింగులో ఇన్‌స్పెక్టర్ గారు అందరి ముందూ మల్లయ్యను చూసి నేర్చుకోండయ్యా అనేవారు. ఒకసారి నా వైపు తిరిగి, మీ ఊళ్లలో దోమలు కూడా మెట్రిక్ చదివాయా, ఎవరినీ కుట్టడం లేదు అన్నారు. అందరూ నవ్వారు. మల్లయ్య నవ్వలేదు. అదే నాకు ఇంకా మండింది. నవ్వితే కనీసం తిట్టుకునే వీలుండేది.

ఓర్వలేనితనం నాకు చిన్ననాటి నుంచీ ఉంది. పక్కోని పళ్లెంల కూర చూసుకుంట నీ బువ్వ సల్లారబెట్టుకుంటవురా అని మా అవ్వ తిట్టేది. ఆ ఏడు నా బువ్వ పూర్తిగా చల్లారిపోయింది. మల్లయ్య సైకిలు గంట వినపడితే పక్క సందులోకి తిరిగిపోయేవాణ్ణి. దానికి తోడు మా బ్యాచ్‌లో ఒక్కరిని ఇన్‌స్పెక్టర్ ట్రైనింగుకు హైదరాబాదు పంపిస్తారన్న మాట పుట్టింది. పోతే నేనన్నా పోవాలి, లేకపోతే మల్లయ్యన్నా పోవాలి.

నా చేతిరాత చూసి ఇన్‌స్పెక్టర్ గారు అందరి రిజిస్టర్లకూ సాపు ప్రతి రాసే పని నాకే అప్పగించారు. అలా మల్లయ్య రిజిస్టరు నా చేతికొచ్చింది. రాళ్లకుంట అనే ఊరు, నలభై ఒకటో నంబరు ఇల్లు. ఇంట్లో మనుషులు అయిదుగురు అని మొదటి పేజీలో ఉంది. ఒక్క నెలలో ఆ ఇంటి కింద పదకొండు స్లయిడ్లు! అయిదుగురున్న ఇంట్లో పదకొండు మంది నెత్తురు ఎక్కడిది? ఒకే మనిషిని పదిసార్లు పొడిచి పది పేర్లు రాస్తున్నాడు, దొరికాడు దొంగ అనుకున్నాను. ఎన్నో నెలలకు ఆ రాత్రి నాకు హాయిగా నిద్ర పట్టిందని చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది. కానీ పట్టింది.

ఆ వారమే జిల్లా ఆఫీసుకు ఆకాశరామన్న ఉత్తరం రాశాను. నా రాత గుర్తుపట్టకుండా ఎడమచేత్తో రాశాను. నలభై ఒకటో నంబరు సంగతి, ఖాళీ గళ్ల సంగతి, పట్టపగలు చెట్ల కింద గొర్రెల కాపరులతో కూర్చుని కబుర్లాడే సంగతి, అన్నీ ఎక్కించాను.

విచారణకు పెద్ద ఆఫీసరు వచ్చారు. మల్లయ్య చెప్పిన జవాబు తర్వాత నా చెవిన పడింది. నలభై ఒకటో నంబరు మంద పెద్ద ఇల్లట, అంటే మందను నడిపే మనిషిది. వాళ్ల గొర్రెల మంద ఏడాదిలో ఎనిమిది నెలలు ఊరి బయటే తిరుగుతుందట. పొలాల్లో మంద పెడితే ఎరువు కోసం రైతులు గింజలిస్తారు, అందుకని కాపరులు అక్కడే తిండి, అక్కడే పడక. పదకొండు మంది కాపరులకూ మంద కాడే జ్వరాలు. మందకు ఇంటి నంబరు లేదు, ఫారంలో గడి లేదు, అందుకని అందరినీ మంద పెద్ద ఇంటి కింద రాశానన్నాడట. దొంగకు సాకులు కొదవా అని నేను నవ్వుకున్నాను. ఆఫీసరు మందను చూపించమన్నారు. అప్పటికే మంద వాగు దాటి ఎటో వెళ్లిపోయింది, ఆ రెండు రోజుల్లో దొరకలేదు. ఖాళీ గళ్లు మాత్రం ఆయన కళ్లారా చూశారు. విచారణ తేలేదాకా మల్లయ్యను నందికొండ డ్యాం కూలీల క్యాంపుకు పంపారు. అతని ఊళ్లు నాకు అదనంగా ఇచ్చారు.

రిజిస్టర్లు అప్పగించే రోజు మల్లయ్య సైకిలు పట్టుకుని నిలబడ్డాడు.

"అన్నా, ఒక్క మాట. నలభై ఒకటో నంబర్ల ఇంట్ల అడిగి ఊకోకు. మంద యాడున్నదో అర్సుకొని గాడికి పో. పగటీలి పోతె గొర్లు నీడకు పంటయ్, అందరు దొరుకుతరు."

"నా పని నాకు తెల్సు మల్లయ్యా. నువ్వు నేర్పేదేం లేదు," అన్నాను.

అతను సైకిలెక్కి వెళ్లిపోయాడు. అతను చెప్పినట్టు మంద కాడికి పోతే అతని మాట నిజమని నేనే ఒప్పుకున్నట్టవుతుంది. అందుకే పోలేదు. వేరే కారణం ఏమీ లేదు. దూరమూ కాదు, ఎండా కాదు.

నలభై ఒకటో నంబరు ఇంట్లో లచ్చవ్వ అనే పెద్దావిడ, ఆమె కోడలు, ఇద్దరు పసిపిల్లలు ఉండేవాళ్లు. అయిదో మనిషి లచ్చవ్వ ఒక్కగానొక్క కొడుకు బీరయ్య. తండ్రి పోయాక పాతికేళ్లకే మంద పెద్ద అయ్యాడు, మందతోనే ఉంటాడు. నేను గడపలో నిలబడి నా రెండు ప్రశ్నలు అడిగేవాణ్ణి. మాకేం జరాలు బిడ్డా, అందరం మంచిగున్నం అనేది లచ్చవ్వ. "జ్వరం లేదు" అని రాసి, గోడ మీద తేదీ వేసి, రెండు గీతలు గీసేవాణ్ణి. మూడు పక్షాలు, మూడుసార్లు లేదు. మల్లయ్య వదిలేసిన గళ్లన్నీ నా తేదీలతో నిండుతుంటే నాకు పండగలా ఉండేది.

నాలుగోసారి వెళ్లినప్పుడు ఆ గోడ మీద తేదీ వేస్తూ ఉన్నాను. వీధి చివర నుంచి నలుగురు కాపరులు ఒక మంచం మోసుకొచ్చారు. మంచం మీద బీరయ్య. గొంగడి కప్పినా ఒళ్లు ఎగిరెగిరి పడుతోంది, కళ్లు తెరిచే ఉన్నాయి, తల్లి పిలిస్తే మాత్రం పలకడం లేదు. జ్వరం వస్తూ పోతూ ఇరవై రోజులయిందట. నా సంచిలో మాత్రలున్నాయి. నోట్లో నీళ్లు పోస్తే చెంప మీదుగా కారిపోయాయి, మాత్ర ఎలా మింగుతాడు? వేలు పొడిచి స్లయిడ్ తీశాను.

"పోయినసారి వచ్చి అడిగిన గదా, లచ్చవ్వా. జరమని ఎందుకు చెప్పలేదు?" అన్నాను. తప్పు ఆమె మీద వేద్దామని అడిగాను, ఇంకెందుకు?

"నువ్వు ఇంట్ల అడిగినవ్ సారూ. మందకు పోయినోల్ల పేరు మీద ఇంట్ల జరం మాట ఎత్తం. కీడు. మల్లయ్యకు ఎర్క. గాయిన మమ్ముల ఎన్నడు అడగలే, మంద కాడికే పోతుండె."

బండి కట్టి దేవరకొండ దవాఖానకు తీసుకెళ్లాం. డాక్టరు గారు సూది వేసి, జ్వరం మెదడుకెక్కింది, రెండు వారాల ముందు నాలుగు మాత్రలు పడి ఉంటే లేచి తిరిగేవాడు అన్నారు. ఆయన మామూలుగానే అన్నారు. ఆ రెండు వారాల ముందే నేను ఆ ఇంటి గోడ మీద తేదీ వేశానని ఆయనకు తెలియదు.

మరునాడు పొద్దున బీరయ్య పోయాడు. కబురు అంది మల్లయ్య నందికొండ నుంచి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. లచ్చవ్వ అతని రెండు చేతులూ పట్టుకుని మొహం ఆనించుకుంది. "నువ్వుంటే నా కొడుకు గిట్ల పోవునా, బిడ్డా," అంటూ ఏడ్చింది. నేను రెండు బారల దూరంలో నిలబడి ఉన్నాను. ఆమె నన్ను తిట్టలేదు, కనీసం నా వైపు చూడలేదు. ఇది ఎవరికీ చెప్పుకోని మాట, ఇప్పుడు చెప్తున్నాను. అక్కడ శవం పెట్టుకుని, నా వల్ల పోయిన మనిషిని కళ్ల ముందు పెట్టుకుని కూడా, ఆమె పట్టుకున్న చేతులు మల్లయ్యవి అయినందుకు నాకు ఈర్ష్య కలిగింది. ఆ గుణం ఎంత లోతుకు దిగిందో ఆ రోజు తెలిసింది.

మూడో రోజు మల్లయ్య నన్ను మంద కాడికి తీసుకెళ్లాడు. అతను చెప్పినట్టే పగటి పూట గొర్రెలు తుమ్మచెట్ల నీడకు పండుకున్నాయి, కాపరులందరూ దొరికారు. పది మంది. ఆరుగురికి ఒళ్లు కాలుతోంది. మల్లయ్యను చూసి గొంగడి పరిచారు, అడక్కముందే చేయి చాపారు. అతను వేళ్లు పొడుస్తుంటే నేను రాశాను. పేరు సరే, ఇంటి నంబరు దగ్గర కలం ఆగింది. ఈ మనుషులు ఏ ఇంటి వాళ్లు? తలా ఒక ఊరు. మంద పెద్దది ఏ ఇల్లో అదే వీళ్ల ఇల్లు. నలభై ఒకటి అని రాశాను. ఆ కింద నలభై ఒకటి, మళ్లీ నలభై ఒకటి. పది పేర్లకూ నా ముత్యాల్లాంటి రాతలో అదే నంబరు.

వాటిలో అయిదు పాజిటివ్ వచ్చాయి. అవి నా నౌకరీలో నాకు దొరికిన మొదటి పాజిటివ్‌లు. మీటింగులో ఇన్‌స్పెక్టర్ గారు నా పేరు చదివి మెచ్చుకున్నారు. ఎన్ని నెలలు ఎదురుచూశాను ఆ మాట కోసం! ఎక్కడైనా దాక్కుందామనిపించింది. మంద సంగతి నిజమని తేలి మల్లయ్య మీద విచారణ ఎత్తేశారు, అతని ఊళ్లు అతనికి ఇచ్చేశారు. ట్రైనింగుకు ఆర్డరు మాత్రం నా పేరుతోనే వచ్చింది. రికార్డు శుభ్రంగా ఉందని అందులో రాశారు. వద్దని చెప్పే ధైర్యం నాకు లేదు. వెళ్లాను.

బయలుదేరే రోజు బస్సు దగ్గరికి మల్లయ్య వచ్చాడు. నా పెట్టె పైకెక్కించాడు. ఇక ఆగలేక చెప్పేశాను, ఆ ఉత్తరం రాసింది నేనేనని.

"తెల్సు," అన్నాడు.

ఎలా తెలుసన్నాను. ఎడమచేత్తో రాశాను కదా.

"జవాబు చెప్పమని ఆఫీసరు నాకు చూపించిండు. మీద తారీకు ఉండె. దాని కింద రెండు గీతలుండె."

ఆ రోజే నా పేరు చెప్పి ఉంటే నీ ఊళ్లు నీకే ఉండేవి కదా, ఎందుకు చెప్పలేదన్నాను.

"చెప్తె నీ నౌకరి పోతుండె. నీకు పగ ఉంటే నా మీదనే ఉన్నది గదా, మంద మీద లేదు గదా, మంద కాడికి పోతవే అనుకున్న."

బస్సు కదిలింది. అతను చేయి ఊపలేదు, మొహం తిప్పుకోలేదు, అలాగే నిలబడ్డాడు.

తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ఇన్‌స్పెక్టర్‌గా చేశాను. కొత్తగా చేరిన ప్రతి వర్కర్‌నీ మొదటి రోజు ఒకటే అడిగేవాణ్ణి: ఈ ఊళ్లో ఇంట్లో పడుకోని వాళ్లు ఎవరెవరు? మంద వాళ్లు, బట్టీల వాళ్లు, చేపల వాళ్లు. ఆ పేర్లు తెచ్చాకే సున్నం గోడ మీద స్టెన్సిల్ అద్దనిచ్చేవాణ్ణి. గడి ఖాళీగా ఉందని ఎవరినీ కోప్పడలేదు. వరుసగా మూడుసార్లు "జ్వరం లేదు" అని రాసి ఉంటే మాత్రం నేనే సైకిలెక్కి ఆ ఇంటికి వెళ్లేవాణ్ణి.

రాళ్లకుంటలో నలభై ఒకటో నంబరు గోడకు సున్నం వేస్తే నా తేదీలు కొన్నాళ్లకే చెరిగిపోయి ఉంటాయి. కానీ ఇన్‌స్పెక్షన్‌కు వెళ్లిన ప్రతిసారీ ఆ వీధి తప్పించుకునే పోయాను. లచ్చవ్వ ఇంటి ముందు నిలబడి అంతా బాగున్నారా అని అడిగే అర్హత నాకు లేదు.