ఎర్రగీత గురించి చెప్పని మాట

తొమ్మిదేళ్లుగా ఒక మాటను మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకూ తెలియదు. నేనెవరో మీకు తెలియదు కాబట్టి మీకే చెప్పగలను.

మాది గోదావరిఖని. నాన్న బొగ్గుబాయిలో పనిచేసేవాడు. మా వీధి చివర స్కూటర్ మెకానిక్ కూతురు నస్రీన్. పైలట్ శిక్షణకు ఇద్దరం ఒకేచోట చేరాం. నాకు నెల పట్టే పాఠం ఆమెకు వారంలో వచ్చేది. "ఆ అమ్మాయిని చూసి నేర్చుకో" అని శిక్షకుడు నాతో అన్న రోజు అన్నం సయించలేదు. ఆమె నన్ను ప్రేమగా అక్కా అనేది. అదీ ఓర్వలేకపోయాను.

రెండింజన్ల విమానంలో ఒకటి ఆగితే, రెండోది విమానాన్ని ఆగినదాని వైపు తిప్పేస్తుంది. వేగం మరీ తగ్గితే తోకకున్న చుక్కానితో దాన్ని ఆపలేం. ఆ హద్దును వేగం చూపే మీటరు మీద ఎర్రగీతగా గీస్తారు. కానీ పనిచేసే ఇంజన్ వైపు విమానాన్ని కాస్త వంచి పట్టుకుంటేనే ఆ గీత నిజం. రెక్కలు సమంగా ఉంచితే గీతకు పైనే అదుపు తప్పుతుంది.

పరీక్ష రోజు పొద్దున టీ తాగుతూ నస్రీన్ అడిగింది.

"అక్కా, ఎర్రగీతకు పైన ఉన్నంతసేపు ఫికర్ లేదు గదా?"

"ఏం ఫికర్ లేదు."

"ఇంకేమన్న యాదిపెట్టుకోవాల్నా?"

"ఇంకేం లేదే."

నాకు తెలుసు. ముందురోజే చదివాను. మరిచిపోయానని ఏళ్లపాటు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. ఆ ముఖం ఒక్కసారైనా చిన్నబోవాలని కోరుకున్నాను. ప్రాణం పోవచ్చని తట్టలేదా? తట్టింది. పక్కన పరీక్షాధికారి ఉంటాడులే అనుకున్నాను.

పైన ఆయన ఒక ఇంజన్ శక్తి తగ్గించాడు. ఆమె రెక్కలు సమంగా పట్టుకుని, గీతనే నమ్ముకుంది. ముల్లు గీత దాకా రాకముందే ముక్కు పక్కకు తిరిగింది, రెక్క కిందికి పడింది. ఆయనే అందుకుని నిలబెట్టాడు. దిగాక ఫెయిల్ అన్నారు. మళ్లీ పరీక్షకు రావచ్చన్నా వినకుండా ఊరికి వెళ్లిపోయింది.

నేను విమానాలు నడుపుతున్నాను. ఆమె వాళ్ల నాన్న షాపు చూసుకుంటోంది. పోయినసారి కలిసినప్పుడు, "గీతకు పైనే ఉన్న అక్కా. ఇగ నా చేతుల్నే లోపమున్నది" అంది. నేను తలూపాను. అంతలో ఎవరో బండి తెస్తే, ఇంజన్ చప్పుడు విని రోగమేంటో చెప్పేసి నవ్వింది. సిగ్గులేకుండా, నాకు మళ్లీ అసూయ కలిగింది.

ఆమెకు ఇంకా చెప్పలేదు. చెబుతానో లేదో తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను, ఆ హక్కు మీకూ లేదు. లోపం నాది. ఇంత రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. దానికీ సిగ్గుగానే ఉంది.